మిషనక్క గోడకు వేలాడిన గస్తీ పుస్తకం

మిషనక్క కుడి చెవి తమ్మె రెండుగా చీలి ఉంటుంది. ఎంత చిరుగునైనా అతుకు కనపడకుండా కలిపేస్తుందని పేరున్న మనిషి, తన చెవిని మాత్రం అలాగే వదిలేసి, జుట్టు దాని మీదికి దువ్వుకుని మిషను ముందు కూర్చుంటుంది.

నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం దారపు కండెలు కొనుక్కుని వస్తుంటే వెనకనుంచి బండి మీద వచ్చినవాడు చెవిపోగు లాక్కుపోయాడు. సంచిలో ఉన్న గుడ్డముక్క చెవికి అదిమిపెట్టుకుని ఆమె తిన్నగా స్టేషనుకి వెళ్ళింది. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటరు అంతా ఓపిగ్గా విని, తెల్లకాగితం ముందుకు జరిపి, పోగు ఎక్కడో పారేసుకున్నానని రాసివ్వమన్నాడు. లాక్కెళ్ళారని రాస్తే కేసు కట్టాలి. కడితే నెలాఖరు లెక్కలో ఒకటి పెరుగుతుంది. పెరిగితే పైవాళ్ళు చీవాట్లు పెడతారు. ఇందులో ఏదీ దాచలేదు ఆయన. పైగా మర్యాదగానే చెప్పాడు.

"ఎలాగూ దొరకదమ్మా. పారేసుకున్నానంటే నీకూ తిరుగుడు తప్పుతుంది."

ఆమె రాసిచ్చింది. కాగితం మీద రక్తపు చుక్క పడిందని, ఇంకో కాగితం మీద శుభ్రంగా మళ్ళీ రాయించుకున్నాడు. ఆ నెల స్టేషను గోడ మీది బోర్డులో దోపిడీల గడిలో సున్నా పడింది. ఇంటికొచ్చి జరిగింది చెబితే, మంచం మీదున్న వాళ్ళమ్మ, "ఆ చెవి కూడా నేనే చింపుకున్నానని ఒక ముక్క రాసెయ్యకపోయావా, వాళ్ళకి ఇంకా సుఖంగా ఉండేది" అంది. మిషనక్క చెవికి పసరు రాసుకుని, మర్నాటికి ఇవ్వాల్సిన పాంటుకి జిప్పు మార్చడానికి కూర్చుంది.

ఆమె ఉండేది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీకి ఆనించి మిషను, పక్కన ఇస్త్రీ బల్ల, మేకుకు తగిలించిన టేపు, కత్తెర. వెనక గదిలో వంట, అమ్మ మంచం. కొత్త బట్టలు కుట్టదు. పాతవాటిని బాగుచేస్తుంది. పొడవు తగ్గించడం, బిగుతైనవాటిని వదులు చేయడం, చిరిగిన జేబులు మార్చడం. సందు ఎంత ఇరుకంటే, ఎదురింటి గడియారాల తాత తుమ్మితే ఈమె చిరంజీవ అనేది. తాత దుకాణం ఒక బీరువా అంత ఉంటుంది. అందులో ఆయన, ఒక చిన్న దీపం, కంటికి తగిలించుకునే భూతద్దం, రిపేరుకొచ్చిన ఇరవై ముప్ఫై గడియారాలు. దుకాణం వెనక ఇంట్లో కూతురు, అల్లుడు. అల్లుడు గోడలకు రంగులేస్తాడు.

మిషనక్క కిటికీ పక్కన గోడకు ఒక రేకు పెట్టె బిగించి ఉండేది. అందులో గస్తీ పుస్తకం. కానిస్టేబుల్ సందులోకి వచ్చినప్పుడల్లా అందులో టైము వేసి, ఏం చూశాడో ఒక ముక్క రాసి, సంతకం పెట్టాలి. నెలకోసారి పైఅధికారి వచ్చి చూసుకుంటాడు. ప్రతి సందులోనూ ఇలాంటి పెట్టె ఒకటి ఉండేది. మనలో చాలామంది దాన్ని చూసే ఉంటాం, తెరిచి చూసి ఉండం.

చెవి చీలకముందు, తొమ్మిదేళ్ళపాటు ఆ సందుకి ఒక కానిస్టేబుల్ ఉండేవాడు. వచ్చీ రాగానే మిషనక్క స్టూలు అడిగి తీసుకుని, రెండు దుకాణాలకీ మధ్య వేసుకుని కూర్చునేవాడు. అందరూ స్టూలాయన అనేవాళ్ళు. ఏం చేసేవాడయ్యా అంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తాతతో వాదించేవాడు. బడినుంచి వచ్చే పిల్లల బూట్ల తాళ్ళు ఊడితే కట్టుకోమని కేకలేసేవాడు. ఎవరికి పని పోయిందో, ఎవరింటికి కొత్త ముఖాలు వస్తున్నాయో ఆయనకి తెలిసేది. ఆ తొమ్మిదేళ్ళలో సందులో జరిగిన దొంగతనాలు మూడు. ఆయనేం దేవుడు కాదు. ఒకసారి తాత అల్లుణ్ణి ఎవరో అనుకుని చెంపమీద కొట్టాడు. మర్నాడు సందు సందంతా ఆయన స్టూలు చుట్టూ చేరి నిలదీస్తే, తలొంచుకుని తప్పయిందన్నాడు. తగువు పెట్టుకోవాలన్నా మనిషంటూ ఎదురుగా ఉండాలి కదా.

తర్వాత పెద్దరోడ్డు మీద అద్దాల దుకాణాలు వచ్చాయి. వాటి ముందు నూరడుగులకొక పోలీసుని నిలబెట్టాలన్నారు. స్టూలాయన్ని అక్కడికి వేశారు. పెద్దరోడ్డు మీద జేబుదొంగతనాలు నిజంగానే తగ్గాయి, పత్రికల్లో కూడా వచ్చింది. పోలీసు నిలబడితే దొంగ ఆగుతాడన్నది అబద్ధమేం కాదు. కానీ అక్కడ ఆగినవాడు పని మానేసి ఇంట్లో కూర్చోలేదు. పోలీసు లేని సందులు వెతుక్కున్నాడు. స్టూలాయన వెళ్ళిన ఆర్నెల్లకు మిషనక్క చెవి చీలింది.

ఆయన స్థానంలో ఒక కుర్ర కానిస్టేబుల్ వచ్చాడు. ఒక బండి, పదకొండు సందులు. ఒక్కో సందులో రోజుకి రెండు సంతకాలు. నిజాయితీగా తిరిగితే ఒక చుట్టుకే పూట గడిచిపోతుంది. అందుకని సందు మొదట్లో బండి ఆపకుండానే హారన్ కొట్టి వెళ్ళిపోయేవాడు. దాంతో హారన్ అనే పేరు స్థిరపడింది. "దొంగలకి ముందుగా చెప్పి రావడం మంచి పద్ధతే" అనేవాడు తాత.

మిషనక్క మాత్రం తమ్ముడూ అని పిలిచేది. కొత్తగా పుట్టిన కూతురికి మెత్తటి పాత గుడ్డలతో గౌన్లు కుట్టించుకునేవాడు. ఒకరోజు వానలో తడిసి వచ్చి, చేతుల్లోంచి నీళ్ళు కారుతుంటే, "అక్కా, టైము నువ్వు వేసెయ్యి, నేను సంతకం పెడతా" అన్నాడు. అలా మొదలైంది. రెండు రోజులకోసారి వచ్చి, ఆమె వేసిన టైముల పక్కన వరసగా సంతకాలు పెట్టి పోయేవాడు. పుస్తకంలో మూడు రోజులు ఖాళీ కనపడితే ఈ సందుని గస్తీ జాబితాలోంచి ఎత్తేస్తారని అతను ఒకసారి అన్న మాట ఆమె మనసులో పడిపోయింది. జాబితాలోనైనా సందు ఉంటే, ఎప్పటికైనా మళ్ళీ ఒక స్టూలాయన రాకపోతాడా అనుకుంది. పోలీసుని నిలుపుకోవడానికి, రాని పోలీసుని వచ్చినట్టు రాస్తూ కూర్చుంది.

ఆమె ఇంట్లో గడియారం లేదు, ఎదురుగా ఇరవై ఉండగా తనకెందుకని. పుస్తకం తెరిచినప్పుడల్లా కిటికీలోంచి, "తాతా, టైమెంత?" అని గట్టిగా కేకేసేది.

తాత భూతద్దం పైకి తోసి, "నిజం చెప్పనా, పుస్తకానికి చెప్పనా?" అనేవాడు.

ఆ రోజు వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ తర్వాత చూపించాల్సిన రోజు. ఆసుపత్రిలో పని తెమిలేసరికి రాత్రవుతుందని, మధ్యాహ్నం బయల్దేరే ముందే మిషనక్క పెట్టె తెరిచి సాయంత్రం రాయాల్సింది కూడా రాసేయబోయింది. ఆరున్నర వెయ్యనా అని తాతని అడిగింది. మరీ గుండ్రంగా ఉంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది, ఆరూ నలభై అయిదు వెయ్యమన్నాడు తాత. అలాగే వేసింది. రోజూ రాసే ముక్కే పక్కన రాసింది: దుకాణాలు తెరిచి ఉన్నాయి, ఎవరి పని వారు చేసుకుంటున్నారు, అంతా ప్రశాంతం.

"సాయంత్రం ప్రశాంతంగా ఉంటుందని మధ్యాహ్నమే తేల్చేశావన్నమాట" అని నవ్వాడు తాత. ఆమెతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఎనిమిదింటికి అమ్మని పట్టుకుని సందులోకి తిరిగేసరికి జనం. తాతని ఆయన సుత్తితోనే తలమీద కొట్టారు. ఎనిమిది గడియారాలు పోయాయి. ఒక్కటీ ఆయనది కాదు, అన్నీ రిపేరుకొచ్చినవే. ఏడూ పావుకి అల్లుడు పనినుంచి వచ్చి, బల్ల కింద పడి ఉన్న మామగారిని చూసి కేకలు పెట్టాడట. తాత మళ్ళీ కళ్ళు తెరవలేదు, మూడోరోజు ఆసుపత్రిలో పోయాడు.

ఆ సాయంత్రం కబురందుకుని హారన్ కూడా పరుగెత్తుకొచ్చాడు. అధికారులు వచ్చేలోగా రేకు పెట్టె తెరిచి చూశాడు. ఆరూ నలభై అయిదు ఎప్పటిలాగే సిద్ధంగా ఉంది. కింద సంతకం పెట్టేశాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరు అడిగితే, ఆ టైముకి తాత పని చేసుకుంటూ కనపడ్డాడని చెప్పాడు. సంతకం పెట్టాక ఇంకేం చెబుతాడు.

ఇక్కణ్ణుంచి పుస్తకం పని మొదలుపెట్టింది. సందు చివర మందుల దుకాణానికి కెమెరా ఉంది. ఆరూ ముప్ఫై ఎనిమిదికి ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు సందులోంచి గబగబా బయటికి పోవడం అందులో కనపడింది. ఇన్‌స్పెక్టరు ఆ ఇద్దరినీ పక్కన పెట్టాడు. ఆరూ నలభై అయిదుకి ముసలాయన బతికున్నాడని పోలీసే స్వయంగా రాసి సంతకం పెట్టినప్పుడు, అంతకుముందే వెళ్ళిపోయినవాళ్ళు కొట్టడమేమిటి? ఆ తర్వాత కెమెరాలో సందులోకి వచ్చింది అల్లుడొక్కడే, ఏడూ పన్నెండుకి. ఆరూ నలభై అయిదుకి హారన్ బండి అందులో ఎందుకు లేదని మాత్రం ఎవరూ వెతకలేదు, పుస్తకంలో సంతకం ఉంది కదా. రేడియో శబ్దం గురించి మామా అల్లుళ్ళు రోజూ అరుచుకునేవాళ్ళని ఎవరో చెప్పారు. నిజమే, అరుచుకునేవాళ్ళు. చెవులు సరిగా వినపడని ముసలాయనతో ఎవరైనా అరిచే మాట్లాడాలి. తాత పోయిన మర్నాడే అల్లుణ్ణి తీసుకెళ్ళారు.

పోలీసులు లేరన్న మాట రాకూడదని సందులోకి రెండు వ్యాన్లు తెచ్చి పెట్టారు. రెండు వారాలు ఉన్నాయి. పనినుంచి ఇంటికొచ్చే ప్రతి మగవాణ్ణీ ఆపి జేబులు తిప్పి చూసేవాళ్ళు. ఒకే మనిషిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వాళ్ళకి ఎవరూ తెలియదు కాబట్టి అందరూ దొంగల్లాగే కనపడేవాళ్ళు. ఆ రెండు వారాలూ సందులో గుండుసూది కూడా పోలేదు. పక్క వీధిలో మాత్రం మూడిళ్ళ తాళాలు పగిలాయి.

తాత కూతురు ఒకనాడు మిషనక్క గుమ్మంలో వచ్చి కూలబడింది. నువ్వు కిటికీలోనే ఉంటావు కదా, ఏమైనా చూశావా అని అడిగింది. ఆసుపత్రిలో ఉన్నానంది మిషనక్క.

"ఆ పుస్తకంలో రాసి ఉందటక్కా, అప్పటికి నాన్న బతికే ఉన్నాడని. ఆ ఒక్క ముక్క లేకపోతే మా ఆయన ఇంట్లో ఉండేవాడు."

ఆమెకి ఆ రాత ఎవరిదో తెలియదు. తెలిసినవాళ్ళు ముగ్గురేనని మిషనక్క లెక్క. ఒకరు పోయారు.

మర్నాడు హారన్ బండి సందులో ఆగింది. ఈసారి హారన్ కొట్టలేదు. మిషనక్క కిటికీలోంచే అంది, "తమ్ముడూ, నువ్వు ఆయన్ని చూడలేదు."

"సంతకం నాదే కదక్కా."

"అవతల తాత అల్లుడు లోపలున్నాడు."

"కేసు నిలబడదక్కా. నాలుగు రోజులుంచి వదిలేస్తారు. ఇప్పుడు చూడలేదంటే నా ఉద్యోగం పోతుంది. నా పిల్ల ఇంకా బళ్ళో కూడా చేరలేదు." ఆగి, గొంతు తగ్గించి, "ముందు నిన్నే అడుగుతారు, పోలీసు పుస్తకంలో నువ్వెందుకు రాశావని" అన్నాడు.

ఆ మాట బెదిరింపు కాదు, నిజంగానే ఆమె గురించి భయపడి అన్నాడు. అందుకే అది ఆమె గుండెలో దిగింది. నాలుగు రోజులు చూద్దామనుకుంది. నాలుగు ఆరయ్యాయి. రోజూ తాత కూతురు అన్నం గిన్నెతో స్టేషనుకి వెళ్ళి, గిన్నె తెరవకుండా తిరిగి రావడం కిటికీలోంచి కనపడేది. ఒక పాంటుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేసి, కూర్చుని విప్పింది.

అలా విప్పుతుంటే, వెనక గదిలోంచి కంటికి కట్టుతో అమ్మ వచ్చి ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆ ఇంట్లో ఆమెకి తెలియనిదేదీ ఉండదు, కళ్ళున్నా లేకపోయినా.

"అప్పుడు కాగితం మీద వాళ్ళు చెప్పినట్టు రాసిచ్చావు. నీ చెవి కాబట్టి పోనీలే అనుకున్నాను. ఇది ఇంకొకడి మెడ."

"జైల్లో వేస్తే నిన్నెవరు చూస్తారమ్మా?"

"ఇప్పుడు నువ్వు చూస్తున్నదేముంది, మందు ఎడమ కంట్లో వెయ్యమంటే కుడి కంట్లో వేస్తున్నావు. పో, వెళ్ళిరా."

మిషనక్క జడ వేసుకుంది. జుట్టు చెవి మీదికి దువ్వుకోకుండా వెనక్కి లాగి కట్టింది. కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని స్టేషనుకి నడిచింది. పదేళ్ళుగా వచ్చినవాళ్ళ నడుమూ పొడవూ భుజమూ రాసుకున్న పుస్తకం అది. నాలుగంకె పైన కలపకుండా వదిలేస్తుంది, అయిదంకె తోక కింది గీతదాకా లాగుతుంది. గస్తీ పుస్తకం తెప్పించి పక్కన పెట్టి చూడమంది ఇన్‌స్పెక్టర్ని. రెండింట్లోనూ అవే నాలుగులు, అవే అయిదులు. ఎప్పుడు మొదలైందో చూపించి, అక్కణ్ణుంచి పేజీలు తిప్పింది. మూడేళ్ళ పైమాటే.

ఇన్‌స్పెక్టరు రెండు పుస్తకాలూ మూసి పక్కకు జరిపాడు. తర్వాత, ఇది నీ రాతే అంటే నేరం నీ మీదికొస్తుందని తెలుసా అన్నాడు. తెలుసంది.

"అయితే ఇందులో మా కానిస్టేబుల్‌ది ఏముంది?"

"సంతకం ఆ తమ్ముడిది సార్. టైము తాతది. రాత నాది. అక్కడికి మాత్రం ఎవరూ రాలేదు."

పాత రైటరే ఇంకా అక్కడున్నాడు. తెల్లకాగితం ముందుకు జరిపాడు. టైము విషయంలో నాకు సరిగా గుర్తులేదు అని ఒక్క వాక్యం కలిపితే నీకూ మంచిదమ్మా అన్నాడు, అదే మర్యాదతో. ఆమె తన ఇష్టం వచ్చినట్టు రెండు పేజీలు రాసి, నకలు మీద ముద్ర వేయించుకునేదాకా బెంచీ మీంచి కదల్లేదు. కొట్టివేతలున్నాయి, శుభ్రంగా ఇంకోటి రాయమంటే, అక్కర్లేదు, ఇలాగే ఉండనీయండి అంది.

మరో మూడు రోజులకు అల్లుణ్ణి వదిలారు. మొత్తం పదకొండు రోజులు. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. గోడలకు రంగులేసుకునేవాడికి అదంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కింది సగం అతను వేస్తే, పై సగం నిచ్చెనెక్కి భార్య వేస్తోంది. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరూ ఇంతవరకు దొరకలేదు. పదకొండు రోజుల ఆలస్యం వాళ్ళకి బాగానే ఉపయోగపడింది.

హారన్‌ని సస్పెండ్ చేశారు. పదకొండు సందులకి ఒక్కణ్ణి వేసిన అధికారుల్లో ఎవరినీ ఎవరూ ఏమీ అనలేదు. అతని భార్య పిల్లనెత్తుకుని వచ్చి మిషనక్క ముందు గదిలో కూర్చుంది. తిడుతుందనుకుంది మిషనక్క. ఆమె తిట్టలేదు. బిగుతైపోయిన గౌను తీసి బల్ల మీద పెట్టి, వదులు చేసివ్వమంది. మిషనక్క పక్క కుట్లు విప్పుతుంటే, ఆమె ఊడిన దారం పోగులు ఏరి పక్కన పెట్టింది.

రేకు పెట్టె పీకేశారు. ఆ చోట గోడకు ఒక క్యూఆర్ కోడ్ స్టిక్కరు అంటించారు. ఇప్పుడొచ్చే కానిస్టేబుల్ బండి దిగకుండానే ఫోన్ దానికి చూపిస్తాడు, ఫోన్ కూస్తుంది, వెళ్ళిపోతాడు. ఈ పద్ధతిలో తప్పుడు రాతలకు చోటే లేదని పైవాళ్ళు ప్రకటించారు. రిటైరైన స్టూలాయన తాత పోయాడని తెలిసి వచ్చి, ఆ స్టిక్కరు వంక కాసేపు చూసి, మిషనక్కని స్టూలు అడిగాడు. మునుపటి చోటే వేసుకుని, ఎదురుగా మూసి ఉన్న తలుపులు చూస్తూ పొద్దుగూకేదాకా కూర్చుని వెళ్ళాడు.

మిషనక్క మీద కేసు నడుస్తోంది. ప్రభుత్వ పుస్తకంలో దొంగరాతలు రాసినందుకు. అవతలి వకీలు వాదన ఒక్కటే. ఇదంతా ఒక కుట్టుమిషను మనిషి, ఒక సోమరి కానిస్టేబుల్ కలిసి చేసిన పని, మిగతా నగరమంతా గస్తీ సక్రమంగా జరిగింది, పుస్తకాలే సాక్ష్యం. ఆమె తప్పు చేయలేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు, ఆమె కూడా అనదు. కానీ పదకొండు సందుల్లో మిగిలిన పది పుస్తకాలు ఎవరు రాశారు? ఇస్త్రీ కొట్టువాళ్ళూ, టెలిఫోన్ రీచార్జి చేసే అమ్మాయిలూ, అరుగు మీద కూర్చునే పెద్దవాళ్ళూ ఎంతమంది పాపం కుర్రాడు తడిసిపోతున్నాడని, సందు పేరు జాబితాలో ఉండనీ అని, టైములు వేసిపెట్టారు?

ఇది చదువుతున్న మీలో అలా రాసిపెట్టినవాళ్ళుంటే, వచ్చి ఆ మాట చెప్పండి. విచారణ వచ్చే నెల మొదటి బుధవారం. కోర్టు వరండాలో మిషనక్క, కళ్ళకు నల్లద్దాలతో వాళ్ళమ్మ, చెయ్యి లేవని అల్లుడు, తాత కూతురు పొద్దున్నుంచే ఉంటారు. రాలేనివాళ్ళు మీ సందు, మీరు రాసిన సంవత్సరాలు కాగితం మీద పెట్టి పంపండి. మీ చేతిరాత ఉన్న పాత పుస్తకం ఏదైనా, చిట్టీ అయినా, జతచేయండి. ఎప్పుడూ రాయనివాళ్ళు ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ సందు గోడ మీది స్టిక్కరు దగ్గర ఒక గంట నిలబడి, వచ్చిందెవరో, ఎంతసేపున్నారో చూసి, చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టండి. స్టేషనులో ఎవరైనా మీ ముందుకు తెల్లకాగితం జరిపి పారేసుకున్నానని రాయమంటే, లాక్కున్నారనే రాయండి. చుక్క పడిన కాగితమే ఇచ్చి రండి.